అడిగినవాళ్లకు ఎంతవరకు ఇవ్వాలి? బావ చిట్టీకి జమానతు పెట్టాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. మీది నర్సంపేట దగ్గరి ఊరు. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 38 వేలు వస్తాయి. నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు మీరే. గత రెండేళ్లలో చేబదుళ్ల కింద ఇచ్చిన లక్షా పదివేలు ఇంకా తిరిగి రాలేదు. ఇప్పుడు మీ బావ 5 లక్షల చిట్టీ ఎత్తుకుంటానని, జమానతు (హామీ) సంతకం పెట్టమని అడుగుతున్నారు. అదే వారంలో చిన్ననాటి స్నేహితుడు వాళ్ల నాన్న ఆపరేషన్‌కు 50 వేలు అడిగాడు. "కాదంటే పాపం చేసినట్టు అనిపిస్తుంది, సరే అంటే ఇంట్లో గొడవ. అసలు మనిషి ఎంతవరకు ఇవ్వాలి?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. జమానతు పెట్టకండి. స్నేహితుడికి మాత్రం ఇవ్వండి, కానీ 50 వేలు వద్దు. తిరిగి రాకపోయినా వచ్చే నెల కిరాయి, కిస్తీ, అమ్మ మందులు ఆగకుండా ఎంత ఇవ్వగలరో అంతే ఇవ్వండి. బ్యాంకులో 34 వేలు ఉన్నాయని రాశారు. అందులోంచి పది, మహా అయితే పన్నెండు వేలు. ఆ డబ్బును బాకీగా రాసుకోకండి. దానికితోడు రెండు రోజులు సెలవు పెట్టి ఆసుపత్రిలో అతని పక్కన ఉండండి. ఎందుకో కింద చెబుతాను.

నేను వరంగల్, ములుగు వైపు బ్యాంకు బ్రాంచీల్లో 33 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. చాలాకాలం అప్పులిచ్చే సీట్లో ఉన్నాను, కొన్నేళ్లు వసూలు చేసే సీట్లోనూ ఉన్నాను. తాగుడు, జూదం వల్ల చితికిపోయినవాళ్లను చూశాను. వాళ్లకంటే ఎక్కువగా, నోరు తెరిచి "నావల్ల కాదు" అనలేక చితికిపోయిన మంచివాళ్లను చూశాను. అందుకే మీ ప్రశ్న చదివాక రెండు మాటల్లో చెప్పి ఊరుకోలేకపోతున్నాను.

ముందు జమానతు సంగతి. మన ఓరుగల్లులో చిట్టీతో సంబంధం లేని ఇల్లు తక్కువ. పిల్ల పెళ్లి, ఇంటి స్లాబు, బోరు, కాలేజీ ఫీజు, అన్నీ చిట్టీ మీదే నడుస్తాయి. అందుకే జమానతు సంతకం కూడా పేరంటానికి పిలిచినంత మామూలుగా అడుగుతారు. "నీ పైసలేం ఇస్తలేవు కదా, ఒక్క సంతకమే కదా" అంటారు. మీ బావ కూడా సరిగ్గా ఇదే అన్నారని రాశారు.

ఆ ఒక్క సంతకానికి ఉన్న బరువు ఎంతో చూడండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, బాకీదారుడికి ఎంత బాధ్యతో జమానతు పెట్టినవాడికీ అంతే బాధ్యత. "ముందు ఆయన్ను అడగండి, ఆయన ఇవ్వకపోతే నా దగ్గరికి రండి" అనే వీలు మీకు ఉండదు. నలుగురు సంతకాలు పెట్టారు కాబట్టి నాలుగో వంతే నా మీద పడుతుందని చాలామంది అనుకుంటారు. చిట్టీ కంపెనీ మొత్తం బాకీకి ఆ నలుగురిలో ఎవరినైనా పట్టుకోవచ్చు. నెలనెలా ఖాయంగా జీతం పడేవాడినే ముందు పట్టుకుంటుంది.

మీ బావ చిట్టీతోనే లెక్క వేద్దాం. 5 లక్షలు, 50 నెలలు, నెలకు 10 వేలు. ఆరో నెలలో పాట (చిట్టీ వేలం) పాడి ఎత్తుకుంటే ఇంకా 44 వాయిదాలు ఉంటాయి. అంటే 4 లక్షల 40 వేలు. నెలనెలా వచ్చే డివిడెండుతో, అంటే పాటలో వదులుకున్న డబ్బులోంచి సభ్యులకు పంచే వాటాతో, అది కొంత తగ్గుతుంది. కానీ అంత ముందుగా ఎత్తుకోవాలంటే పాటలో చాలా వదులుకోవాలి కాబట్టి ఆయన చేతికి 5 లక్షలు రావు. కట్టాల్సింది మాత్రం ముందుంటుంది. ఆయన ఆగిపోతే? చిట్టీ తగాదాలు 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద చిట్ల రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తాయి. అక్కడినుంచి జీతం జప్తు దాకా వస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొంత కాపాడుతుంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 38 వేల మీద ఆ లెక్క కడితే నెలకు 12 వేల పైచిలుకు పోతుంది. మీ ఇంటి కిరాయి 7,500, బండి కిస్తీ 4,200 అని రాశారు. రెండూ కలిపితే దాదాపు అంతే.

ఇది చదివి మా బావ అలాంటివాడు కాదు అనుకుంటారు. కాకపోవచ్చు. నేను 1997లో జమానతు పెట్టిన మనిషి కూడా అలాంటివాడు కాదు. నాతో పనిచేసేవారు, నెమ్మదస్తుడు. లక్ష రూపాయల చిట్టీ, 40 నెలలు. తొమ్మిదో నెలలో ఎత్తుకున్నారు. ఆ తర్వాత వాళ్లావిడకు జబ్బు చేసింది, డబ్బంతా వైద్యానికి పోయింది, పదిహేడో నెల నుంచి వాయిదాలు ఆగిపోయాయి. 24 వాయిదాలు, 60 వేలు. జమానతు పెట్టింది ముగ్గురం. ఒకాయన దూరం బదిలీ అయ్యారు, ఇంకొకాయన అప్పటికే అప్పుల్లో ఉన్నారు. కంపెనీ వాళ్లను బతిమాలి, నెలకు 1,500 చొప్పున మూడేళ్ల నాలుగు నెలలు నేనే కట్టాను.

ఆ రోజుల్లో ఒక నెల 26వ తారీఖున మా పెద్దమ్మాయికి జ్వరం వచ్చింది. జేబులో ఏమీ లేదు. మా ఆవిడ అల్మారా మీదినుంచి పోపుల డబ్బా దించి, ఆవాల గిన్నె ఎత్తి, దాని కింద మడిచి పెట్టుకున్న నోట్లు తీసింది. చాప మీద పరిచి ఒక్కొక్కటే అరచేత్తో సాపు చేసింది. రెండు యాభైలు, కొన్ని పదులు, పసుపంటిన ఐదు రూపాయల నోట్లు. 185 రూపాయలు. నా చేతిలో పెట్టింది గానీ ఒక్క మాట అనలేదు. సంతకం పెట్టిన రోజు నా పేరు మాత్రమే ఇస్తున్నాననుకున్నాను. నిజానికి ఇచ్చింది ఆ పోపుల డబ్బాను. అది నాది కాదు, ఇచ్చే హక్కు నాకు లేదు.

కాబట్టి నేను పాటించే నియమం ఇది. జమానతు అంటే మన దగ్గర లేని డబ్బును ఇస్తామని మాట ఇవ్వడం. మొత్తం బాకీ రేపే నా మీద పడినా కట్టగలను, కట్టాక కూడా ఆ మనిషితో కలిసి భోజనం చేయగలను అనుకుంటేనే పెట్టాలి. మీ విషయంలో అది 4 లక్షల 40 వేలు. మీ దగ్గర 34 వేలు ఉన్నాయి.

ఇదే జాతికి చెందినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, వేరేవాళ్ల కోసం మీ పేరు మీద పర్సనల్ లోన్ తీయడం, లేదా మీ క్రెడిట్ కార్డు గీకడం. అక్కడ మీరు జమానతుదారుడు కూడా కాదు, బాకీదారుడే మీరు. రెండోది, ఎదుటివాళ్ల అప్పుకు మీ ఖాళీ చెక్కు ఇవ్వడం. చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు మీ మీద పడుతుంది, అందులో రెండేళ్ల దాకా శిక్ష పడే వీలుంది. ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఈ రెండూ చేయకండి.

ఇక ఎంత ఇవ్వాలన్నది. మీ ఖర్చులన్నీ కూడితే 31 వేలు అయింది, నెలకు 7 వేలు మిగులుతాయి. అందులో 5 వేలు మీ ఇంటి ఆపదల కోసం పక్కన పెట్టండి. కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపడా కూడేదాకా దాన్ని కదిలించకండి. మిగిలిన 2 వేలు ఇవ్వడానికి పెట్టుకోండి. ఏడాదికి 24 వేలు అవుతుంది. 38 వేల జీతగాడు ఏటా 24 వేలు ఇతరులకు ఇస్తున్నాడంటే అది చిన్న చెయ్యి కాదు, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఈ పద్ధతి నేను ఒక హమాలీ దగ్గర నేర్చుకున్నాను. ఎనుమాముల మార్కెట్ దగ్గరి బ్రాంచిలో ఉన్నప్పుడు ఆయన ప్రతి శనివారం వచ్చేవాడు. ఆయనకు రెండు పాస్‌బుక్‌లు. ఒకదానికి ఎర్ర దారం చుట్టి ఉండేది. దాంట్లో వంద, నూట యాభై వేసేవాడు. మిర్చి సీజన్‌లో ఆయన ఇచ్చిన నోట్లు లెక్కపెడితే మా క్యాషియర్‌కు కళ్లు మండేవి. ఆ ఘాటు నోట్లకు అంత పట్టేది. ఎందుకు రెండు ఖాతాలని అడిగితే, ఎర్ర దారం పుస్తకం చూపించి "ఇది నాది కాదు సార్, అడిగేటోళ్లది" అన్నాడు. ఎవరైనా చేయి చాపితే అందులోంచే ఇచ్చేవాడు. అయిపోతే పాస్‌బుక్ తెరిచి చూపించేవాడు. "ఇగో, గింతే ఉన్నది. మల్ల మార్కెట్ నడిచినంక రా." ఎవరూ తప్పుపట్టుకునేవాళ్లు కాదు. వానాకాలం వచ్చేసరికి ఆ ఖాతా ఇంచుమించు ఖాళీ అయ్యేది, మిర్చి దిగడం మొదలైతే మళ్లీ నిండేది. తన సొంత ఖాతా జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు.

నేను కూడా ఆ ఏడే ఒక ఖాతా విడిగా తెరిచాను. దానివల్ల పెద్ద మేలు ఏమిటంటే, అడిగిన మనిషి ముఖం చూసి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునే బాధ తప్పుతుంది. ఎంత ఇవ్వాలో నెల మొదట్లోనే భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చేసుకుంటారు. ఎవరికి ఇవ్వాలన్నదే మిగులుతుంది.

మేడారం జాతరలో మొక్కు ఎలా తీరుస్తామో మీకు తెలుసు. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తాం. తూకంలో కూర్చుంటే, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. నలభై కిలోల మనిషి నలభై, ఎనభై కిలోల మనిషి ఎనభై. పక్కవాడు ఎనభై ఇచ్చాడని నలభై కిలోల మనిషి చిన్నబోడు, తల్లులు కూడా అంతకన్నా ఎక్కువ అడగరు. మనుషులకు ఇచ్చేటప్పుడు కూడా నాకు ఆ తూకమే గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి విషయం. ఆసుపత్రి అనగానే మనం పర్సు తీస్తాం. చాలాసార్లు అక్కడ డబ్బుకంటే ముందు కావాల్సింది కాగితాల పని తెలిసిన మనిషి. తండ్రి మంచం మీద ఉంటే కొడుక్కి బుర్ర పనిచేయదు. మీరు వెళ్లి ఈ పనులు చూడండి. వాళ్లకు ఆహార భద్రత కార్డు ఉందా? ఆ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో వస్తుందా? 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆ పథకం వర్తించే నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర ఉంటారు, అడ్మిషన్‌కు ముందే వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. డబ్బు కట్టి చేరిపోయాక అడిగితే పని చిక్కుపడుతుంది. సొంతంగా ఖర్చు పెట్టాల్సి వస్తే ఒక్క బిల్లు కూడా పారేయనివ్వకండి, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టాలంటే అసలు బిల్లులు కావాలి. మీ బడి స్నేహితులు పదిమంది ఉంటే తలా మూడు వేలు వేయమని మీరే ఫోన్లు చేయండి. అడగడానికి మీ స్నేహితుడికి మొహం చెల్లదు, మీకు చెల్లుతుంది. ఒక్కరు 50 వేలు ఇచ్చి కూలబడటం కన్నా ఇది మేలు.

రక్తం కావాలంటే ఇవ్వండి. అక్కడా ఒక హద్దుంది చూడండి. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. నేను యాభై ఏళ్లు దాటాక ఒకసారి మా ఎదురింటి పాప కోసం పరుగెత్తితే, రక్తనిధి కేంద్రంలో సిస్టర్ వేలికి సూది గుచ్చి చూసి, "11.8 ఉంది సార్, మీ దగ్గర తీసుకోం. మీకే తక్కువుంది" అంది. ఎంత బతిమాలినా వినలేదు. బయటికొచ్చి కూర్చుని అల్లుడికి ఫోన్ చేశాను, అతను వచ్చి ఇచ్చాడు. ఆ పాపకు కావాల్సింది రక్తం. అది నా చేతినుంచే వెళ్లాలని రాసిపెట్టి లేదు.

కాదని చెప్పడం దగ్గరికి వద్దాం. మీరు అసలు ఇరుక్కున్నది ఇక్కడేనని నాకు అనిపించింది.

"చూస్తా" అనకండి. మనవాళ్లు మొహమాటానికి ఎక్కువగా వాడే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. మీరు "చూస్తా బావా" అనగానే ఆయన ఇంకొకరిని అడగడం ఆపేస్తారు. పదిహేను రోజులు మీ ఫోన్ కోసం చూస్తారు. చివరి రోజు మీరు చేతులెత్తేస్తే, గత్యంతరం లేక నూటికి మూడు, నాలుగు రూపాయల మిత్తికి తెస్తారు. అలా ఆఖరి నిమిషంలో మిత్తికి తెచ్చి మునిగినవాళ్లు నా టేబుల్ ముందు కూర్చుని తిట్టింది కాదన్నవాళ్లను కాదు, చూస్తానన్నవాళ్లను. మొదటి రోజే కాదంటే ఆ పదిహేను రోజులు ఆయనవే.

ఇంటావిడ మీదికి నెట్టకండి. "నాకు ఇవ్వాలనే ఉంది, మా ఆమె ఒప్పుకుంటలేదు" అనడం మగవాళ్లకు సులువు. ఆ మాట మీ అక్క వాళ్లింట్లో ఇరవై ఏళ్లు ఉంటుంది. ప్రతి పెళ్లిలో, ప్రతి బతుకమ్మకు ఆమె ఆ మాట మోయాలి. నిర్ణయం ఇద్దరిదీ అయినా, చెప్పేటప్పుడు మీ నోటితో, మీ మాటగా చెప్పండి. ఇంట్లో గొడవ గురించి మీరు ఒక్క లైనే రాశారు, నాకు మాత్రం అదే పెద్ద విషయంగా కనిపించింది. లక్షా పదివేలు వెళ్లిపోయింది ఆవిడ ఇంట్లోంచి కూడా. ఈ వారం బావ దగ్గరికి వెళ్లేముందు ఒక గంట ఆవిడతో కూర్చోండి.

అబద్ధాలు కూడా వద్దు. జీతం పడలేదు, డబ్బు ఎఫ్‌డీలో ఉంది, ఇవన్నీ నెల తిరగకముందే బయటపడతాయి. నేనైతే ఇలా చెబుతాను: "బావా, జమానతు నేను పెట్టను. నీ మీద నమ్మకం లేక కాదు. రేపు నీకేమన్నా అయితే అది కట్టే తాకత్ నాకు లేదు, అప్పుడు మనిద్దరి ఇండ్లూ మునుగుతయి. ఈ నెల నుంచి ఆర్నెల్లు నెలకు రెండు వేలు అక్క చేతికి ఇస్త. అవి మల్ల అడగ." అంతే. కారణాలు పెంచుకుంటూ పోతే అది బేరం అవుతుంది.

ఎప్పుడూ గీత దాటకూడదా అంటే, నేనూ దాటాను. 2009లో మా బ్రాంచి అటెండర్ కూతురు నర్సింగ్ ఫీజుకు పీఎఫ్‌లోంచి 60 వేలు తీసి ఇచ్చాం. మాకు అది ఎక్కువే. ఆ ఏడు ఇంటికి సున్నం వేయించలేదు, మా ఆవిడ గాజులు చేయించుకోవాలన్నది మానుకుంది. ఇచ్చేముందు మేమిద్దరం రెండు రాత్రులు మాట్లాడుకున్నాం, ఏమేం వదులుకోవాలో కాగితం మీద రాసుకున్నాం. డబ్బు తిరిగి రాలేదు, మేము అడగలేదు. దాని గురించి ఇంతవరకు మా ఇంట్లో ఒక్క మాట రాలేదు. 1997 నాటి 60 వేలూ ఇవీ ఒకే మొత్తం. ఆ జమానతు ఊసెత్తితే మా ఆవిడ ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్తుంది.

పాత లక్షా పదివేల గురించి క్లుప్తంగా. వాటిలో ప్రామిసరీ నోటు రాయించుకున్నవి ఏమైనా ఉంటే తారీఖులు చూసుకోండి, మామూలుగా మూడేళ్లు దాటితే దావా వేసే గడువు పోతుంది. మధ్యలో కొంత కట్టించుకుని నోటు వెనక వాళ్ల చేతిరాతతో చెల్లు రాయించుకుంటే, గడువు ఆ తేదీనుంచి మళ్లీ మొదలవుతుంది. ఇవ్వగలిగినవాళ్లను వాళ్లకు డబ్బు చేతికొచ్చే రోజుల్లో అడగండి. పత్తి, మిర్చి అమ్మిన వారంలో అడిగితే వచ్చే డబ్బు, విత్తనాలప్పుడు అడిగితే రాదు. నిజంగా ఇవ్వలేనివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లింటికి వెళ్లి "అది మర్చిపో" అని చెప్పి రండి. బాకీ ఉన్నంతకాలం వాళ్లు మిమ్మల్ని చూసి సందు మారుతూనే ఉంటారు, మీరు డబ్బుతోపాటు మనిషిని కూడా పోగొట్టుకుంటారు.

ఆదివారం పాట అన్నారు కదా. గురువారం లోపే వెళ్లండి, ఫోన్‌లో చెప్పకండి. అక్క ఇంట్లో ఉన్నప్పుడు ఇద్దరి ముందు చెప్పండి. ఇంకొక మాట. మూడేళ్ల కింద బావదే వేరే చిట్టీకి మీరు ఒక జమానతు సంతకం పెట్టినట్టు చివర్లో రాశారు. అది ఎంతవరకు కట్టారో, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో ఆ రోజే పాస్‌బుక్ తెప్పించుకుని చూడండి, ఫోటో తీసుకుని పెట్టుకోండి. వాయిదాలు ఆగి ఉంటే ఆ వివరాలు ఇక్కడ రాయండి, ఏం చేయాలో చెబుతాను.